దావాకెక్కిన మాట

పలువత్సరములనుండి కలము పట్టియున్నవారమే గాని, మా వాక్యమొకటి విడాకుల దావాలో సాక్ష్యముగా దాఖలగునని మేమెన్నడును తలపలేదు. అది ఏ వ్యాసమందలి వాక్యమో యైనచో కొంత ఊరట యుండెడిది. ఒకనాటి రాత్రి పడకకు పోబోవుచు ఫేస్‌బుక్కున వ్రాసిన ఒంటి పంక్తి యది.

మాకు అన్నవరుస యగువారి కుమార్తె పెండ్లియైన ఏడవయేట పుట్టింటికి తిరిగివచ్చెను. వెంట ఆరేండ్ల కుమారుడు. వచ్చిన వారమునకే భర్తను పేరుపెట్టి, అత్తమామలను వారి వ్యాపారమును గూడ చేర్చి, పదునైన మాటలతో పెద్ద లేఖ యొకటి ఫేస్‌బుక్కున ప్రకటించెను. తెల్లవారునప్పటికి బంధువులును, ఎన్నడును ముఖము చూడనివారును ఓదార్పులు కురిపించిరి. అందు మేమును ఉన్నారము. "అట్టివానిని నలుగురిలో నిలువబెట్టుటయే తగిన శిక్ష, తల్లీ" అని వ్రాసితిమి. అందు తప్పున్నదని నాడు తోచలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి పెద్దమనుష్యుల చాటుపనులను అచ్చున కెక్కించిన దేశము మనది. మూసిన తలుపుల వెనుక ఏడ్చుచుండిన ఆడుబిడ్డకు ఇన్నాళ్లకు నోరు వచ్చినదని సంతసించితిమి. ఆ సంతోషము పూర్తిగా తప్పని ఇప్పటికిని అనజాలము.

ఆరునెలలు గడచిన పిమ్మట భర్త విడాకులకు దావా వేసెను. కారణము క్రూరత్వము. దావాకు జతపరచిన కాగితములలో ఆ లేఖయు, దాని క్రింద మా పంక్తియు, మా పేరును, పేరు ప్రక్కన మా చిన్నబొమ్మయు చక్కగా అచ్చుపడి యున్నవి. వకీలుగారి గదిలో అమ్మాయి ఆ కాగితమును మా చేతికిచ్చి, "చూశారా బాబాయ్, మీ మాట కూడా ఎక్కింది" అని నవ్వబోయి నవ్వలేకపోయెను.

వకీలుగారు చిన్నవయస్సువారైనను ఓపిక గలవారు. 1955 నాటి హిందూ వివాహచట్టమున 22వ సెక్షను తీసి చూపిరి. ఆలుమగల దావా మూసిన గదిలోనే విచారింపబడవలెను. హైకోర్టు సుప్రీంకోర్టుల తీర్పులను అనుమతితో ప్రచురించుట తప్ప, ఆ విచారణ సంగతులను అచ్చువేసినవారికి వేయి రూపాయలవరకు జరిమానా. ఇరుగుపొరుగువారి చెవినుండి సంసారమును కాపాడుటకై చట్టము ఈ తలుపు వేసినది. తలుపు వేసిన గదిలో న్యాయమూర్తి కూర్చుండగా, వాదిప్రతివాదులు బయట వీధిలో దండోరా వేయించుచున్నారు.

ఆంధ్రదేశమునుండి వెళ్లిన ఒక అప్పీలులో 2013లో సుప్రీంకోర్టు, భార్యాభర్తలలో ఒకరిపైనొకరు గాని, వారి బంధువులపై గాని, ఆధారములేని అసభ్యములైన నిందలు వేయుట, ఉద్యోగమునకో వ్యాపారమునకో చెరుపు కలుగునట్లు పత్రికలలో వార్తలు వేయించుట మానసిక క్రూరత్వమే యగునని తీర్పు చెప్పినది. అందులకు ఒకే యింటిలో కాపురముండ నక్కరయు లేదట. నాడు వార్త వేయించుటకు ఒక విలేఖరియైన కావలసి యుండెను. ఆతడు ఒకటి రెండు ప్రశ్నలైన అడిగెడివాడు. నేడు బొటనవ్రేలు చాలును.

అమ్మాయి వ్రాసినదానిలో సగము మేమెరిగిన సత్యమే. భర్త నిర్దోషి కాడు. ఆ సగమును 2005 నాటి గృహహింస చట్టము క్రింద మేజిస్ట్రేటు ముందు చెప్పియుండినచో దానికి రక్షణయుత్తరువు బలము వచ్చియుండెడిది. ఫేస్‌బుక్కున చెప్పుటచే, కోపమున కలిసిపోయిన తక్కిన సగమునకు ఆమెయే జవాబుదారి యయ్యెను. ఆమెను అటు పంపవలసిన పెద్దలము మేము ఇటు చప్పట్లు కొట్టితిమి.

అవతలివారును తక్కువ తినలేదు. మనోవర్తి యిచ్చుటకు రాబడి లేదని అతడు వాదించుచుండగా, క్రొత్తకారు ప్రక్కన నిలిచిన అతని బొమ్మ ఇన్‌స్టాగ్రామున కనబడెను. 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి మనోవర్తి దావాలలో ఉభయులును తమ ఆస్తులను అప్పులను ప్రమాణపత్రమున తెలుపవలెను గనుక, ఆ కారు సంగతి తేలవలసియున్నది. అందులకు ప్రతిగా వారు, మా బంధువుల పెండ్లిలో అమ్మాయి పట్టుచీర కట్టి హారముతో నవ్వుచున్న బొమ్మను దాఖలు చేసిరి. ఆ హారము మా యింటివారిది. ఒకపూట కెరువిచ్చిన నగకు సంజాయిషీగా ఆమె అఫిడవిట్టు వ్రాయవలసివచ్చెను. వ్రాయుచున్నంతసేపును మమ్ము గూర్చి ఏమనుకొనెనో మేమడుగలేదు.

స్క్రీన్‌షాటు తెచ్చి బల్లపై పడవేసినంతనే సాక్ష్యము కాదు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము దాఖలు చేయువా రొకటి, నిపుణు డొకటి ధ్రువపత్రముల నీయవలెను. అయినను తలుపు నానాటికి వెడల్పగుచున్నది. భార్యతో జరిగిన ఫోను సంభాషణలను భర్త చాటుగా పట్టియుంచగా, విడాకుల దావాలో వానిని సాక్ష్యముగా గైకొనవచ్చునని 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఒకరిపైనొకరు నిఘా వేయునంతవరకు వచ్చినచో అది చెడిన కాపురమునకు గురుతేయని న్యాయమూర్తుల భావము. కావచ్చును. కాని చెడునో చెడదో తెలియని కాపురములును ఉండును గదా!

ఇది అట్టిదేయని మాకు తోచుటకు కారణము రాజీకై కూర్చున్న దినము. అల్లుడు తలవంచుకొని, "ఇంట్లో వెయ్యి అనుకున్నా సర్దుకునేవాళ్లం మావయ్యగారూ. ఊరంతా చదివాక మా అమ్మ గుడికి కూడా వెళ్లటం మానేసింది. దాన్ని ఎలా మింగమంటారు?" అనెను. ఏదో చెప్పబోయితిమి. ఎదుట బల్లపై మా పంక్తి యున్న కాగితము తెరచియే యున్నది. ఊరకుంటిమి.

బయటికి వచ్చిన పిమ్మట ఆ పంక్తిని తుడిచివేయుదుమా యని వకీలుగారి నడిగితిమి. "వద్దండి. నకలు వాళ్ల దగ్గర ఉంది. ఇప్పుడు తుడిస్తే ఎందుకు తుడిచారని ఇంకో వాయిదా" అనిరి. వరండాలో పిల్లవాడు తాతగారి ప్రక్కన కూర్చుండి గోడమీది నోటీసులను అక్షరము అక్షరము కూడబలుకుకొని చదువుచుండెను. దావా పై నెలకు వాయిదా పడినది.