దాటేవాళ్ళని లెక్కపెట్టలేదు

ఆ రోడ్డు డివైడర్‌లో ఉన్న గ్యాపులన్నీ మూయించింది నేనే. పైనుంచి ఒత్తిడి లేదు, కాంట్రాక్టరు బలవంతమూ లేదు. ప్రమాదాలు తగ్గుతాయని మనస్ఫూర్తిగా నమ్మాను. నోట్‌ఫైలు నేనే రాశాను, డ్రాయింగు మీద సంతకమూ నాదే.

కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలోని రోడ్డు అది. ఊరు రోడ్డుకి రెండు వైపులా పెరిగింది. ఇటు బడి, రైతుబజారు, ఆసుపత్రి. అటు కాలనీలు, బస్సులు ఆగే చోటు. నాలుగు వరసల రోడ్డుని ఆరు వరసలు చెయ్యాలి. పోలీసు స్టేషన్లో పాత కేసులు తిరగేస్తే, గ్యాపు దగ్గర తిరుగుతున్న బండిని వెనకనుంచో ఎదురుగానో వచ్చిన బండి గుద్దినవే ఎక్కువ కనిపించాయి. గ్యాపు మూస్తే బండి తిరగదు, బండి తిరగకపోతే ప్రమాదం జరగదు అనుకున్నాను. రెండు కొసల్లో యూటర్న్‌లు మిగిల్చి మధ్యదంతా కట్టేశాం. పైన ఇనప గ్రిల్లు పెట్టాం.

మలుపుల దగ్గర గుద్దుకోవడాలు తగ్గిన మాట నిజం. బళ్ళ వేగం పెరిగింది, ప్రయాణ సమయం తగ్గింది. మీటింగుల్లో ఈ రెండూ చెప్పుకున్నాను. మిగతాది ఎక్కడా చెప్పలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

బడి ఉన్నచోటే ఉంది, ఆసుపత్రీ ఉన్నచోటే ఉంది. అంత దూరం పోయి తిరిగి రావడం ఎందుకని ఆటోలు, మోటార్‌సైకిళ్ళు రోడ్డు అంచు పట్టుకుని ఎదురుదారిలో రావడం మొదలైంది. కుడివైపు చూసుకుని కాలు కిందపెట్టే మనిషికి ఎడమవైపునుంచి బండి వచ్చి తగిలేది. గ్రిల్లులో ముందు ఒక ఊచ పోయింది, తర్వాత ఇంకొకటి. మనిషి దూరేంత సందు అయింది. వెల్డింగు చేయించాం, మళ్ళీ ఊడింది. జనానికి క్రమశిక్షణ లేదని చాలాకాలం రిపోర్టుల్లో రాస్తూ పోయాను. ఆ సందులు సరిగ్గా పాత గ్యాపులున్న చోటే పడుతున్నాయన్న సంగతి నా కళ్ళెదుట ఉండి కూడా పట్టలేదు.

ఎదుటి బండి హెడ్‌లైటు కళ్ళలో పడకుండా డివైడర్ మీద గన్నేరు వేయించాం. ఊరి బయట హైవే మీద అది మంచి పద్ధతే. ఊళ్ళో మాత్రం ఆ మొక్క నడుమెత్తు దాటేసరికి దాని వెనక నిలబడ్డ పొట్టి మనిషి, పిల్లవాడు బండివాడికి కనిపించరు. ఒక సాయంత్రం రైతుబజారులో ఆకుకూరలు అమ్ముకుని ఇంటికి పోతున్న ఒకావిడ ఆ సందులోంచి అవతలికి కాలు పెట్టింది. గుద్దింది లారీ కాదు, నడిపినవాడు తాగిలేడు. పని ముగించుకుని ఇంటికి పోతున్న కుర్రవాడి మోటార్‌సైకిలు. ఆవిడ ప్రాణం పోయింది. అతని కాలు విరిగింది, కేసూ అతని మీదే పడింది. రోడ్డు గీసినవాడి ప్రస్తావన ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 198-ఏ సెక్షను చేర్చారు. ప్రమాణాలు పాటించకుండా రోడ్డు డిజైను చేసినందువల్ల మనిషి చనిపోయినా, వికలాంగుడైనా బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా వెయ్యవచ్చు. నా రోడ్డు అంతకు చాలా ముందుది, ఆ సెక్షను నాకు తగలదు. అయినా ఆ కేసు కాగితాల్లో నా పేరూ ఉండవలసిందనే ఇప్పటికీ అనుకుంటాను.

ఆ చావు తర్వాత పాత సర్వే షీట్లు బయటికి తీశాను. కాలేజీ పిల్లల్ని రోడ్డు పక్కన కూర్చోబెట్టి రాయించినవి. కారు, ఆటో, బస్సు, లారీ, మోటార్‌సైకిలు, సైకిలు, ఎడ్లబండి, ఒక్కోదానికి ఒక గడి. ఆ అంకెలన్నిటినీ పి.సి.యు. (పాసింజర్ కార్ యూనిట్) అనే ఒకే కొలతలోకి మారుస్తాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐ.ఆర్.సి.) 1990లో ఇచ్చిన పట్టికలో కారు 1, బస్సు లేదా లారీ 2.2, సైకిలు 0.4, రోడ్డు మీద వాటి వాటా పెరిగితే బస్సు 3.7 అవుతుంది, సైకిలు 0.5. ఏ బండి ఎంత రోడ్డు ఆక్రమిస్తుందో చెప్పే పట్టిక అది, దాని పనికి అది సరిపోతుంది. నడిచే మనిషికి అందులో అంకె లేదు, మా షీట్లో గడీ లేదు. లెక్క రాయడానికి వచ్చిన ఒకబ్బాయి మొదట్లోనే అడిగాడు: "సార్, దాటేవాళ్ళని ఎక్కడ రాయాలి?"

"బళ్ళు రాయి, చాలు" అన్నాను.

దాటేవాళ్ళకి లెక్క లేక కాదు. 1988 నాటి ఐ.ఆర్.సి. 103 పుస్తకంలోనే ఉంది. రద్దీ గంటలో రోడ్డు దాటే మనుషుల సంఖ్యని, అదే గంటలో వచ్చే బళ్ళ సంఖ్య వర్గంతో గుణించాలి. డివైడర్ ఉన్న రోడ్డుమీద అది 20 కోట్లు దాటితే మనుషుల కోసం క్రాసింగు ఏర్పాటు చెయ్యాలి. గంటకి 2,000 బళ్ళు వస్తే వర్గం 40 లక్షలు. 50 మంది దాటితే చాలు, 20 కోట్లయిపోతుంది. బడి వదిలే వేళ అక్కడ అంతకు ఎన్నో రెట్లు దాటేవారని మూల మీద టీ కొట్టతనికి తెలుసు. ఆ పుస్తకం నా బీరువాలో ఉంది.

ఆ సూత్రం కూడా అందర్నీ పట్టుకోలేదు. భయపడి దాటడమే మానేసినవాళ్ళు అందులోకి రారు. ఎదురుగా కనిపించే ఆసుపత్రికి ఆటో కట్టించుకునే ముసలాయన, పిల్లని ఒంటరిగా బడికి పంపడం మానేసిన తల్లి ఏ సర్వేలోనూ కనిపించరు. వాళ్ళ కోసం ఇంటింటికీ వెళ్ళి అడగాలి. నేను అడగలేదు.

తప్పు తెలిసిన తర్వాత కూడా సరిగ్గా దిద్దలేదు. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టించాను. ఊళ్ళో రోడ్డు మీద 5.5 మీటర్ల ఎత్తు వదలాలి. వంతెన మందం కలిపితే ఆరు మీటర్లు దాటుతుంది. మెట్టుకి 15 సెంటీమీటర్ల చొప్పున నలభై మెట్లు ఎక్కాలి, నలభై దిగాలి. కొత్తలో కింద నిలబడి అందర్నీ పైనుంచి వెళ్ళమని చెబుతుంటే ఒక పెద్దావిడ కూరగాయల గంప దించి, "బాబూ, ఇది నెత్తిన పెట్టుకుని నువ్వొకసారి ఎక్కి దిగు, తర్వాత నేనెక్కుతా" అంది. ఆ గంప ఎత్తడానికే ఇద్దరం కావలసి వచ్చింది. హైదరాబాదు ఉప్పల్‌లో 2023లో తెరిచిన స్కైవాక్ సంగతి వేరు. మెట్రోకి కలిసింది, లిఫ్టులూ ఎస్కలేటర్లూ ఉన్నాయి, జనం ఎలాగూ పైకి వెళ్ళవలసినవాళ్ళే. మామూలు వీధిలో బండివాడు ఒక్క క్షణం బ్రేకు మీద కాలు పెట్టే శ్రమ తప్పించడానికి ముసలివాళ్ళ చేత ఎనభై మెట్లు ఎక్కించి దించడం అన్యాయం. ఆ బ్రిడ్జి ఎస్టిమేటు తయారుచేసినప్పుడు నాకు అలా తోచలేదు.

విశాఖలో 16వ నంబరు జాతీయ రహదారి కూడా ఇలాగే గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ మీదుగా ఊరి మధ్యలోంచే పోతుంది. అలాంటి రోడ్డు మీద బండివాడు హైవే మీద ఉన్నాననుకుంటాడు, నడిచేవాడు మా వీధిలో ఉన్నాననుకుంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఐ.ఆర్.సి. లెక్కల్లో 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి చూసి ఆగడానికి 30 మీటర్లు కావాలి, 60 కిలోమీటర్ల వేగానికి 80 మీటర్లు. నేను వేసిన రోడ్డులో ఒక వైపు మూడు వరసలు, ఒక్కోటి 3.5 మీటర్లు, కలిపి పదిన్నర మీటర్లు. సెకనుకి 0.8 మీటర్లు నడిచే వృద్ధురాలికి అది దాటడానికి 13 సెకన్లు పడుతుంది. ఆ 13 సెకన్లలో 60 వేగంతో వచ్చే బండి 200 మీటర్లకి పైగా వచ్చేస్తుంది. అంత దూరానున్న బండి తన దగ్గరికి ఎప్పటికి చేరుతుందో చూపు తగ్గిన కళ్ళతో, మసక వెలుతురులో ఆవిడ అంచనా కట్టాలి. ఆ పరీక్ష రోజూ ఆవిడకి పెట్టింది నా డ్రాయింగు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ద్విచక్రవాహనాల మీదవాళ్ళు 74,897 మంది, నడిచేవాళ్ళు 32,825 మంది. నూటికి అరవైమూడు మందికి పైగా వీళ్ళే. నా రోడ్డు మాత్రం కారు కొలతతో గీసినది.

రిటైరవడానికి ముందు ఇంకో ఊళ్ళో నాలుగు వరసల రోడ్డు పని వచ్చింది. ఈసారి దాటేవాళ్ళతో మొదలుపెట్టాను. ఎక్కడ దాటుతున్నారో మట్టిలో అడుగుల బాటలే చూపించాయి. క్రాసింగులు అక్కడే పెట్టాం. తారు మీద తెల్ల చారలు గీసి వదిలెయ్యకుండా రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపాం, ఎక్కే బండి వేగం తగ్గక తప్పదు. డివైడర్ మధ్యలో సైకిలు పట్టుకుని మనిషి నిలబడేంత జాగా వదిలాం, ఒకసారికి ఒక వైపు చూసుకుంటే సరిపోతుంది. బస్సు పోయే అంచు వరసకి 3.3 మీటర్లు, లోపలి వరసకి 3 మీటర్లు ఇచ్చాం. రెండు వైపులా కలిపి మిగిలిన దాదాపు మీటరున్నర ఫుట్‌పాత్‌కి కలిసింది. మన ఊళ్ళలో ఫుట్‌పాత్ అంటే డ్రెయిను మీది పలక, డ్రెయిను ఎంత ఎత్తుంటే అదీ అంత ఎత్తు. దాన్ని 15 సెంటీమీటర్లకి దించడానికి డ్రెయిను వాలు మొత్తం మళ్ళీ కట్టవలసి వచ్చింది. ఖర్చంతా అక్కడే అయింది, గొడవలూ అక్కడే. రోడ్డు ఇరుకు చేశారని ఆటో యూనియన్‌వాళ్ళు వచ్చి అడిగారు. కొన్నాళ్ళకి వాళ్ళలో ఒకతనే చెప్పాడు, మనుషులు ఎక్కడ దిగుతారో ముందే తెలియడం వల్ల నడపడం తేలికైందని.

సైకిళ్ళ విషయంలో సర్వే వేళే మార్చాం. ఎనిమిదికి కూర్చుంటే సైకిళ్ళు కనిపించవు, తెల్లవారకుండా వెళ్ళిపోతాయి: పాలవాళ్ళు, పేపరు పిల్లలు, డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు, కూలీ అడ్డాకి పోయే మేస్త్రీలు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ అందమైనది, పైన సౌర ఫలకాల నీడ ఉంది, వ్యాయామానికి వెళ్ళేవాళ్ళకి ఎంతో మేలు. వాచ్‌మన్ బస్తీనుంచి అపార్టుమెంటుకి పోయే దారి మాత్రం అది కాదు. అతని దారిలో గీత గీసి సైకిలు బొమ్మ వేస్తే తొమ్మిదికల్లా కార్లు నిలుస్తాయి. మేము ఎత్తుగట్టు కట్టి వేరు చేశాం, దుకాణాల ముందు చోటు చాలక సగం దూరంలోనే ఆపేశాం.

వెడల్పు చేసిన ఫుట్‌పాత్ మీదికి మోటార్‌సైకిళ్ళు ఎక్కుతున్నాయి. అడ్డంగా స్తంభాలు పాతాం. చక్రాల కుర్చీ పట్టేంత సందు వదిలితే మోటార్‌సైకిలు దూరిపోతుంది, అది దూరకుండా బిగిస్తే కుర్చీ ఆగిపోతుంది. సందు కుర్చీకే వదిలాం. బడి పిల్లలు నడిచే వేళ అక్కడ కానిస్టేబులు ఉంటే బళ్ళు కిందనే పోతాయి, లేనినాడు పైకెక్కుతాయి. దీనికి తగిన డ్రాయింగు నేను గియ్యలేకపోయాను.