మామగారి బండి

మోటారుసైకిలును గుఱించి స్త్రీల పత్రికలో వ్రాయుట యేల యని సోదరీమణులు కొందఱు నవ్వుదురేమో. నవ్వినను తప్పులేదు, మేమును ఒకప్పు డట్లే నవ్వియుందుము. కాని మావంటి యిండ్లలో ఆ బండి బియ్యపు డబ్బావలె, పాలగిన్నెవలె సంసారములోని వస్తువే. అత్తగారిని ఆసుపత్రికి గొనిపోవునది యదే. అంగడినుండి వడ్లబస్తా తెచ్చునది యదే. దానికి జబ్బు చేసినచో మందు ఖర్చు మనము దాచుకొన్న సొమ్ములోనుండియే పోవును గదా!

మా మామగారు 2003వ సంవత్సరమున ఒక హీరో హోండా స్ప్లెండరును కొనిరి. అప్పటికి జనగామ వరంగల్లు జిల్లాలోనిదే కావున దాని నంబరు ఏ.పి. 36తో మొదలగును. 2016లో ఆ జిల్లా ముక్కలైన పిమ్మట మా మెట్టినిల్లు జనగామ జిల్లాలోను, పుట్టినిల్లు మహబూబాబాదు జిల్లాలోను, చెల్లెలి యిల్లు భూపాలపల్లి జిల్లాలోను పడినవి. మూడిండ్లకును రాకపోకలు మాత్రము ఆ పాత నంబరు బండిమీదనే. పదునైదేండ్లు నిండిన బండికి ఐదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను తిరిగి చేయించుకొనవలయును. 2018లో నొకమారు, 2023లో నొకమారు చేయించితిమి. మామగారు గతించి ఆఱేండ్లయినను అత్తగారు నేటికిని దానిని “మీ మామ బండి” యనియే పిలుతురు.

పోయిన చలికాలమున చెల్లెలి బిడ్డకు తొట్టెల వేడుక యని కబురు వచ్చెను. మఱిదిగారు సింగరేణిలో ఉద్యోగి. భూపాలపల్లికి రైలు లేదు. బస్సులు లేకపోలేదు గాని, హనుమకొండలో మూటలు దింపి మరల నెక్కించుట కంటె బండియే సుకరమని బయలుదేఱితిమి. పరకాల దాటి రేగొండ వైపు పోయినవా రెఱుగుదురు, ఆ త్రోవలో గోదావరి యిసుక లారీలును, బొగ్గు లారీలును ఒకదాని వెనుక నొకటి చీమల బారువలె సాగుచుండును. ఒక యిసుక లారీ వెనుక చాలసేపు దుమ్ము మ్రింగుచు పోయి, ఎదుట త్రోవ ఖాళీగా నున్నదని మావారు దానిని దాటబోయిరి. ఎక్సలేటరు తుదివఱకు త్రిప్పిరి. మీటరు ముల్లు 50 మీద నిలిచినది. ఎంత త్రిప్పినను అంతకు మించి కదలదు. లారీ నడుమకు వచ్చుసరికి ఎదుటినుండి బస్సు కనబడెను. మావారు బ్రేకు వేసి లారీ వెనుకకు తగ్గుటయు, బస్సు మమ్ము రాచుకొన్నట్లు పోవుటయు ఒక్క క్షణములో జరిగెను. తొట్టెలకు కొన్న పట్టుగుడ్డ మా చేతిలో నలిగి ముద్దయినదని చెల్లెలి యింట మూట విప్పినప్పుడు గాని తెలియలేదు.

వేగమనగా పడుచువాండ్ర చాపల్య మని యంతవఱకు మా యభిప్రాయము. దాటవలసినచోట దాటలేని బండి యెంత ప్రమాదమో ఆనాడు తెలిసినది.

జనగామకు తిరిగి వచ్చి ఒక మెకానిక్కునకు చూపించితిమి. ఆతడు రెండు మార్లు ఇంజిను ఱొద విని, “ఇంజిను అయిపోయింది సారు. బోరు కొట్టి పిస్టను మార్చాలె. ఎనిమిది వేలు” అనెను. మావారు అమ్మివేయుద మనిరి. పాత యినుపసామాను బేరగాని ధరకంటె పెద్ద వ్యత్యాసము లేదు. మా చీటీపాట సొమ్ము అమ్మాయి ఇంటర్మీడియెటు ఫీజుకని దాచినది. అత్తగారు ఏమియు ననలేదు. ఆ సాయంకాలము బండిమీది గుడ్డ తీసి, తామే కూర్చుండి దుమ్ము తుడిచిరి. అది చూచిన పిమ్మట మావారికి అమ్మకపు మాట మరల రాలేదు.

మహబూబాబాదులో మా మేనమామ గలరు. కాజీపేట లోకోషెడ్డులో డీజిలు ఇంజినులతో ముప్పదియేండ్లు గడపిన మనిషి. ఎనిమిది వేలు పోయుటకు ముం దాయనకు చూపుద మని పాలకుర్తి, తొఱ్ఱూరుల మీదుగా మెల్లమెల్లగా పోతిమి. మామయ్య సంగతి యంతయు విని, “ఇంజను ఇప్పుడే ఇప్పద్దు బిడ్డా. ముందుగాల బయట చూద్దాం. ఒక్కటి మార్చాలె, ఒక్కసారి నడిపి చూడాలె. నాలుగు ఒక్కసారే మారిస్తె ఏది రోగమో, ఏది మందో తెల్వది” అనిరి.

మొదట మీటరు నిజము చెప్పుచున్నదా యని చూచిరి. వేకువ జామున కురవి త్రోవలో మావారు బండి నడుపగా, మేము వెనుక కూర్చుండి ఫోనులో వేగము చూచుచుంటిమి. ముల్లు 50 చూపినప్పుడు ఫోను 47 చూపెను. గాలివాటమువలన లెక్క తప్పకుండ పోవునప్పు డొకమారు, వచ్చునప్పు డొకమారు చూడవలయు నట. జబ్బు బండిదే గాని మీటరుది కాదు.

పిమ్మట కిక్కు రాడును చేతితో మెల్లగా నదిమి చూచిరి. లోపల పిస్టను రింగులు అఱిగిపోయినచో అది పట్టులేక జాఱిపోవు నట; పొగగొట్టమునుండి నీలిపొగయు వచ్చు నట. మా బండిలో కిక్కు గట్టిగా నెదురు తన్నినది, పొగ లేదు. “దమ్మున్నది” అని మామయ్య చేయి దులుపుకొనిరి. ఎనిమిది వేలు అక్కడనే మిగిలినవని మాకు తోచినది. పై గేరులో నున్నప్పుడు ఇంజిను ఱొద పెరిగియు బండి వేగము పెరుగకున్నచో క్లచ్చి జాఱుచున్న దన్నమాట. మా బండికి ఱొదయే పెరుగుట లేదు కావున క్లచ్చియు నిర్దోషియే.

అప్పుడు బండిని నడిమి స్టాండుమీద నిలిపి వెనుక చక్రమును చేతితో త్రిప్పిరి. ఒక్క చుట్టైనను తిరుగక ఈడ్చుకొని నిలిచినది. బ్రేకు డ్రమ్మును తాకిన చేయి చుఱ్ఱుమనెను. కొంతకాలము క్రిందట బ్రేకు పట్టీలు వేయించినప్పుడు మావారు “గట్టిగా నుండనీ” యని మర మఱికొంత బిగించిరట. బండి యన్నాళ్ళును బ్రేకు త్రొక్కుకొనియే పరుగెత్తుచున్నది! మర వదలించి, పెడలు కొంచెము క్రిందికి పోయిన పిమ్మటనే బ్రేకు పట్టునట్లు చేసి, అది చక్కగా పట్టుచున్నదో లేదో వీధిలో నాలుగు మార్లు పరీక్షించిరి. గొలుసును గూడ వ్రేలితో ఎత్తిన అంగుళము కదలునంత సడలించిరి. టైర్లలో గాలి సగమే యున్నది. ముందు చక్రమునకు 25 పౌండ్లు, వెనుకదానికి ఒక్కరైన 28, ఇద్దఱైన 40 ఉండవలయునని చెప్పి నింపించిరి. మరల కురవి త్రోవ పట్టితిమి. ముల్లు 60 చేరెను.

ఆ మధ్యాహ్నము భోజనములవేళ మామయ్య తమ పడుచుతనపు రాజ్‌దూతు కథ చెప్పిరి. అది టూస్ట్రోకు బండి; పెట్రోలులో నూనె కలిపి పోయవలయును. ఆ నూనె మసి పేరుకొని సైలెన్సరు మూసికొనిపోయి పరుగు చచ్చెడిది. ఒకమారు లోపలి గొట్టమును మా అత్తమ్మ కట్టెలపొయ్యిలో పెట్టి కాల్చిరట. “ఆనాటి పప్పు వాసన ఇంకా నా ముక్కుల ఉన్నది” అని అత్తమ్మ గరిటె యెత్తిరి. మాది ఫోరుస్ట్రోకు కావున పొయ్యి బ్రతికినది.

తరువాతి వంతు గాలిజల్లెడది, దానినే ఎయిర్ ఫిల్టరందురు. ప్రక్క మూత తీయగా లోపలి కాగితపు మడతలలో ఎఱ్ఱమట్టియు, ప్రత్తి నూగును అట్టలు కట్టియున్నవి. క్రొత్తది వేసిరి. ఇక బండి లేడివలె పరుగెత్తునని యాశించితిమి. కాని వింత జరిగెను: సగము త్రిప్పినంతవఱకు హుషారుగా పోయి, పూర్తిగా త్రిప్పినచో దగ్గి తూలుచున్నది. మావారు మొగము చిన్నబుచ్చుకొనిరి. మామయ్య మాత్రము సంతోషించి, “ఇప్పుడు దొరికింది” అనిరి. ప్లగ్గు ఊడదీసి చూపిరి. అది సరిగా మండు బండిలో కాఫీగింజ రంగున నుండు నట. పెట్రోలు ఎక్కువైన మసిబాఱును, తక్కువైన తెల్లబడును. మాది సున్నము కొట్టినట్లున్నది. గ్యాసు పొయ్యి మంట పసుపుపచ్చనై గిన్నె నల్లబడినచో గాలి చాలలేదని మన మెఱుగుదుము గదా. ఇది దానికి విపర్యయము. ఇన్నాళ్ళును జల్లెడ మూసికొని గాలి రాకుండుటచే పెట్రోలు తక్కువయను సంగతి మఱుగున పడియున్నది. ఒక లోపము రెండవదానిని దాచినది.

“కార్బురేటరు ఎవరన్న ఇప్పిన్రా అల్లుడా?” అని యడిగిరి. మావారు లేదనిరి. మాకు మాత్రము ఇంటి లెక్కల పుస్తకము జ్ఞప్తికి వచ్చెను. జనగామకు ఫోను చేసి అమ్మాయిచేత బండి పద్దులన్నియు చదివించితిమి. ఇంజినాయిలు పద్దులు క్రమముగా నున్నవి. గాలిజల్లెడ పద్దు ఏ యేటను లేదు. 2021 జూలైలో, మా చేతి వ్రాతతోనే, “బండి మైలేజి సెట్టింగు — 450” అని యున్నది. ఆ యేటి జూను నెలలో హైదరాబాదున పెట్రోలు లీటరు నూఱు రూపాయలు దాటినది. “ఇంత ధరయైన నెట్లు? ఏదైన చేయించుకొని రండు” అని మావారిని తఱిమినది మేమే. ఆ మాట మామయ్య యెదుట ఒప్పుకొనుటకు కొంత సిగ్గుపడితిమి.

కార్బురేటరు విప్పగా సంగతి తేలినది. పెట్రోలు పాఱు చిన్న ఇత్తడి జెట్టుమీద దాని కొలత నంబరు చెక్కియుండును. మాదానిలో నున్నది అసలుదానికంటె చిన్న రంధ్రముది. చిన్న రంధ్రమైనచో పెట్రోలు ఆదాయగును. కాని పూర్తిగా త్రిప్పినప్పుడు ఇంజినునకు ఆకలి తీఱదు, పైపెచ్చు వేడెక్కును. మహబూబాబాదు అంగడిలో అసలు కొలత జెట్టు దొరకినది. దానిని బిగించి మావారొక్కరే పోయి వచ్చి 78 అనిరి. మేము వెనుక కూర్చున్నప్పుడు 72. ఇరువదేండ్లు దాటిన బండికి అంతకంటె నేమి కావలయును? జెట్టు, జల్లెడ, గాలి అన్నియు కలిపి 640 రూపాయలైనవి.

మఱునెలలో చెల్లెలి యింటికి మరల పోయితిమి. రేగొండ దాటిన పిమ్మట లారీ వెనుక మావారు తల త్రిప్పి చూచిరి. మేము “ఇప్పుడు వద్దు, మలుపున్న”దంటిమి. మలుపు దాటి త్రోవ తిన్ననైనంతనే బండి నిబ్బరముగా లారీని దాటినది. జెట్టు మార్చిన నాటినుండి పెట్రోలు నెలకు నూటయేబది రూపాయల మేర ఎక్కువగుచున్నది. ఆ పద్దును పాలవాని లెక్క క్రింద వేఱుగా వ్రాసికొనుచున్నాము. దాని ప్రక్కనే గాలిజల్లెడ మార్చిన తేదియు, అప్పటి మీటరు లెక్కయు వ్రాసితిమి.