ఎలీషా కట్టించిన అప్పు

మొన్న ఆఫీసులో ఒక మెయిలొచ్చింది. జీతంలోంచి నెలనెలా కొంత కోసుకోనిస్తే ఒక పిల్లవాణ్ణి హింస నుంచి కాపాడి హాస్టల్లో పెడతారట. మంచిదేగా, టిక్కు పెట్టేద్దామనుకున్నా. నేను క్రైస్తవుణ్ణి, ఒకప్పుడు సండే స్కూల్లో పాఠాలు చెప్పినవాణ్ణి కూడా. కానీ చెయ్యి ఆగింది. మా రొయ్యల గుంటలు గుర్తొచ్చాయి.

మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్కన, ఇస్కపల్లి సముద్రం వైపు. 90ల మొదట్లో ఆ చుట్టుపక్కల వరి పొలాలన్నీ గుంటలైపోయాయి. మా నాయనకి రెండు గుంటలుండేవి. కాపలాకి ఒక యానాది కుటుంబం. అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టి అది తీరేదాకా ఇంకో చోటికి పోకూడదు. ఎక్కడా రాసుకోలేదు, కానీ అందరికీ తెలుసు. వాళ్ళ పిల్లవాడికి పదేళ్ళుంటాయేమో, బడి లేదు. రాత్రి కాపలాలో నిద్రపోయాడని మా మేస్త్రీ వాణ్ణి కర్రతో కొట్టాడు. నేను చూశాను. చూశాను, అంతే. ఆ గుంటల డబ్బుతోనే నేను విజయవాడలో ఇంటర్ చదివాను మరి.

సెలవులకొచ్చినప్పుడు పిల్లలకి రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయం కథ చెప్పాను. విధవరాలి ఇంట్లో నూనె అయిపోకుండా కారడం, ఇరుగుపొరుగు వాళ్ళిచ్చిన ఖాళీ పాత్రలన్నీ నిండటం. మేత అయిపోయిందని నాయనకి చెప్పడానికొచ్చిన ఆ పిల్లవాడు గుమ్మం దగ్గరే నిలబడి కథంతా విన్నాడు. నూనె గురించి అంత చెప్పిన నేను, ఆమె ఎలీషా దగ్గరికి అసలెందుకెళ్ళిందో ఒక్క ముక్కలో తేల్చేశాను. మొగుడు పోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని బానిసలుగా పట్టుకుపోవడానికొచ్చాడు. అదీ అసలు కథ!

2025 మేలో పేపర్లో సరిగ్గా అదే కథ చదివాను. ఒక యానాది కుటుంబం బాతులు మేపే యజమాని దగ్గర 25 వేలు తీసుకుంది. భర్త పోయాడు. వడ్డీతో కలిపి 45 వేలు కట్టమన్నారు. ఆ తల్లి డబ్బు కోసం వెళ్తూ తొమ్మిదేళ్ళ కొడుకుని పూచీగా వదలాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి పిల్లవాడు లేడు. శవం కాంచీపురం దగ్గర పూడ్చిపెట్టి ఉంది.

మన దేశంలో చట్టం లేక కాదు. పిల్లల పనిని తాకట్టు పెట్టకూడదని 1933లోనే ఒక చట్టం వచ్చింది (అందులో యజమానితో పాటు తల్లిదండ్రులకీ జరిమానా, తమాషా చూడండి). 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇంకా ముందుకెళ్ళి ఆ అప్పునే రద్దు చేసింది. అధికారి విముక్తి పత్రం ఇవ్వాలి, పునరావాసం డబ్బు రావాలి. పత్రం లేకుండా పిల్లవాణ్ణి ఒక్కణ్ణే తెచ్చి హాస్టల్లో పెడితే, వెనకాల తల్లి మీద ఆ అప్పు అలాగే ఉంటుంది. చెల్లెలుంటే రేపు ఆ పిల్ల వెళ్తుంది.

ఎలీషా ఆ పిల్లల్ని అనాథాశ్రమానికి తీసుకుపోలేదు. నూనె అమ్మి అప్పు కట్టమన్నాడు, మిగిలినదాంతో నువ్వూ పిల్లలూ బతకండన్నాడు. మా ప్రాంతంలో ఇది అర్థమైన మిషనరీ ఒకాయన ఉండేవాడు, ఒంగోలు క్లౌ దొర (అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది). 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తనే తీసుకుని మాదిగలకి పని, కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారని ఎవరూ అనకుండా కరువు తగ్గేదాకా బాప్తిస్మాలు కూడా ఆపాడు. ఆయన మీద విమర్శలున్నాయి, అవి వేరే సంగతి. ఆ కాలువ పక్కనే మా గుంటలు!

మెయిల్ పంపినవాళ్ళకి రెండు ప్రశ్నలు రాశాను. విముక్తి పత్రం తెస్తారా? తల్లి అప్పు సంగతేమిటి? జవాబు ఇంకా రాలేదు.

రాత్రి నాయనకి ఫోన్ చేసి, ఆ కుటుంబానికి అడ్వాన్సు ఎంతిచ్చావని అడిగాను. వైట్ స్పాట్ వచ్చి గుంటలన్నీ పోయిన ఏడాది వాళ్ళు రాత్రికి రాత్రి వెళ్ళిపోయారు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నాలుగు వేలు. ఎగ్గొట్టి పోయార్రా," అన్నాడు.