అబాండన్ దగ్గర ఆగొద్దు

చైనాలో కాలేజీ విద్యార్థులకి సీఈటీ-4 అని ఒక ఇంగ్లీష్ పరీక్ష ఉంది, 1987 నుంచి. అందులో 35 శాతం మార్కులు రీడింగ్‌కే. ఒక ప్యాసేజ్‌లో 10 ఖాళీలు, 15 పదాలు ఇస్తారు. వాళ్ల జోకేంటంటే, పదాల పుస్తకంలో మొదట్లోనే 'అబాండన్' ఉంటుంది, అంటే వదిలేయడం. చాలామంది అక్కడే వదిలేస్తారట!

అసలు చిక్కు వాక్యంలో ఉంది. "నిన్న కొన్న పుస్తకం" అని మనలాగే చైనీస్‌లోనూ వివరం ముందొస్తుంది. ఇంగ్లీష్‌లో 'బుక్' ముందు, వివరం వెనక. అందుకే పదాలన్నీ తెలిసినా పొడవాటి వాక్యం అర్థం కాదు.

ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి నాకా కష్టం తెలీదు. కానీ అమ్మమ్మ డైరీ రెండు పేజీలు చదవడానికి సాయంత్రమంతా పట్టింది. ఇప్పుడు నేనూ రోజుకి అయిదు తెలుగు మాటలు, ఆమె వాక్యాలతో సహా, రాసుకుంటున్నా. ఇంకా చాలా పేజీలున్నాయి.