జిల్లేడు చెట్టు, పురుగుల పెంపకము

నారింజవన్నె రెక్కలు, వాని కొసలయందు నల్లని పట్టె, తెల్లని చుక్కలు గల సీతాకోకచిలుకను చూడని సోదరి యుండదు. ఆంగ్లమున దీనిని ప్లెయిన్ టైగర్ అందురు. కెనడానుండి మెక్సికో కొండలవరకు వలసపోవు ప్రసిద్ధమైన మోనార్క్ దీనికి దాయాది. రెండింటి పురుగులకును జిల్లేడు కుటుంబపు మొక్కలే యాహారము.

నార్సింగిలోని మా పెరటిగోడ ప్రక్క జిల్లేడొకటి మొలచినది. ఇంట జిల్లేడు మొలచుట అరిష్టమని మా యత్తగారు పెరికివేయుమనిరి. "రథసప్తమినాడు తలపై నుంచుకొని స్నానమాడునది ఈ యాకులే గదా, అత్తయ్యా!" యని మేమనగా నవ్వి యూరకుండిరి.

శ్రావణమాసమున ఆకుల యడుగున ఆవగింజకన్న చిన్నవైన తెల్లని గ్రుడ్లు కనబడెను. మూడు నాలుగు దినములలో పురుగు వెడలి, మొట్టమొదట తన గ్రుడ్డు పెంకునే తినును! పెరిగినకొలది నలుపు, తెలుపు, పసుపు పట్టెలు తేరి, వీపున మూడు జతల నల్లని కొమ్ములు మొలచును. రేయింబవళ్లు తినుటయే పని. రెండు వారములైన పిదప తలక్రిందుగ వ్రేలాడి, పసిడిచుక్కలు పొదిగిన లేతాకుపచ్చని లోలాకువలె మారును.

జిల్లేడుపాలలోని విషము గుండెకు చేటు. పురుగు ఆ విషమును దేహమున దాచుకొనును. రెక్కలు వచ్చిన పిమ్మటను అది నిలిచియుండును. ఒకసారి రుచిచూచిన పక్షి మరల దీని జోలికి రాదు. విషము లేని మఱియొక జాతిలో ఆడుది మాత్రము అచ్చముగ ఈ చీరయే కట్టి పక్షుల మోసపుచ్చును. మగదానికి ఆ వేషము లేదు. గ్రుడ్లు మోయు భారము ఆడుదానిదే గదా యని మాకు తోచును.

కార్తికమున ప్రక్కనున్న ఖాళీస్థలమునకు, భవనము కట్టుటకై, పొక్లెయిను వచ్చెను. అచ్చటి జిల్లేళ్లన్నియు ఒక్కపూటలో నేలబడినవి. మేమును పిల్లలును వాడుచున్న కొమ్మలు వెదకి పదునొకండు పురుగుల నేరితిమి. ఒక్క చెట్టు వానికి చాలదు. గండిపేట దారిన గట్లపై ఆకులు కోసి తెచ్చితిమి. (ఆ పాలు కంటబడిన మిక్కిలి ప్రమాదము, ఆకు ముట్టిన చేతులు వెంటనే కడుగుకొనవలెను.) కరివేపచెట్టునకు పురుగుమందు చల్లుట మానితిమి. మా యత్తగారు తామే జిల్లేడుకాయ పగులదీసి, దూదిగింజలను నాలుగు కుండీలలో విత్తిరి.

పదునొకండింటిలో నాలుగు మధ్యనే చనిపోయినవి. ఏడు గూడు కట్టినవి. ఒకజాతి ఈగ పురుగు మేనిపై గ్రుడ్డు పెట్టును. దాని పిల్ల లోపలనే తిని పెరుగును. రెండు గూళ్లనుండి అట్టి పిల్లలే వెడలినవి. తక్కిన అయిదును పలుచబడి, లోపలి నారింజరెక్కలు పైకి కనబడినవి. మఱునాటి ప్రొద్దున అవి వెలికివచ్చి, రెక్కలార్చుకొని, ఒక్కొక్కటిగ గోడ దాటిపోయినవి.