అమెరికా కడలియొడ్డున వేసవి విడిది

వేసవి సెలవులకు పుట్టినింటికో పుణ్యక్షేత్రమునకో పోవుట మన కుటుంబములలో వాడుక. ఇటీవల మఱియొక దారి తెఱచుకొన్నది. బిడ్డలో తోబుట్టువులో అమెరికాలో కాపురముండుటచే, ఆ దేశమునకు పోయి కొన్ని వారములుండి వచ్చువారు మన పల్లెలలో సైతము కానవచ్చుచున్నారు. వారిలో పెక్కుమంది న్యూయార్కు నగరమును, నయాగరా జలపాతమును చూచి వత్తురు. సముద్రతీరమునందలి చిన్న పట్టణములలో నాలుగుదినములు నిలిచి వచ్చువారు తక్కువ. మా మరిదిగారు న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసను పట్టణమున నున్నారు. రాబోవు వేసవిని మేము వారియింటికి పోయి, అందొక వారము కడలియొడ్డున గడుపవలెనని తలపెట్టి, ఆ యూళ్ళను గూర్చి చదువుచు, మా తోడికోడలినడిగి తెలిసికొనుచు, లెక్కలు వేయుచున్నాము. ఆ లెక్కలే సోదరీమణుల ముందుంచుచున్నాము. ఇట్టి ప్రయాణము తలపెట్టినవారికి కొంత శ్రమ తగ్గునని మా యాశ.

మొదట వచ్చు చిక్కు కాలమునుగూర్చినది. మన బడులకు ఏప్రిలు చివర సెలవులిచ్చి జూను రెండవ వారమున తెఱతురు. ఉపాధ్యాయుని యింటికి ఆ గడువు దాటుటకు వీలులేదు. అమెరికా తీరపట్టణములకో, మే నెల కడపటి సోమవారమున వచ్చు మెమోరియల్ డేతో కాలము మొదలై, సెప్టెంబరు మొదటి సోమవారమున వచ్చు లేబర్ డేతో ముగియును. మనకు నిప్పులు చెఱగు మే నెలలో అక్కడి సముద్రము మంచునీటివలె నుండును. న్యూజెర్సీ తీరమున మే మాసమందు నీటివేడిమి సాధారణముగా 60 ఫారన్‌హీటు డిగ్రీలకు లోపలనే. ఆగస్టులో గాని అది 70 దాటి స్నానమునకు హితవు కాదు. అయినను ఇందొక లాభమున్నది. జూను చివరనుండి ఇండ్లవారు శనివారము మొదలు శనివారమువఱకు వారమునకే అద్దెకిత్తురు, ధర మిక్కుటము. అంతకు ముందైనచో మూడు నాలుగు దినములకును దొరకును, ధరయు తక్కువ. ఈత ముఖ్యమైనవారు జూలై, ఆగస్టులలో పోవలెను. గాలి, నడక, విశ్రాంతి కోరువారికి జూను మొదటివారమే మేలు. మెమోరియల్ డే సెలవుదినములలో మాత్రము పోరాదు. ఆ నాలుగుదినములు తీరమంతయు కిక్కిరిసియుండును.

న్యూజెర్సీకి ఉత్తరమున శాండీ హుక్ మొదలు దక్షిణమున కేప్ మే వఱకు సుమారు 130 మైళ్ళ సముద్రతీరము గలదు. దాని పొడవునను పూసలు గ్రుచ్చినట్లు పట్టణములున్నవి. ఎడిసనునుండి రైలెక్కి రావేలో మాఱినచో లాంగ్ బ్రాంచి, ఆస్‌బరీ పార్కు మొదలగు ఉత్తరపు టూళ్ళకు కారు లేకయే చేరవచ్చును. దక్షిణపు టూళ్ళలో అట్లాంటిక్ సిటీకి ఫిలడెల్ఫియానుండి రైలున్నది. తక్కిన వానికి కారు లేనిదే కష్టము.

అట్లాంటిక్ సిటీ వీనిలో మిగుల పేరుపొందినది. హోటళ్ళలోనికిని రైలుపెట్టెలలోనికిని జనులు ఇసుక త్రొక్కితెచ్చుచుండగా విసిగి, 1870వ సంవత్సరమున ఒడ్డున కొయ్యపలకల బాట పఱచిరి. అదియే బోర్డువాకు. అమెరికాలో అట్టివానిలో మొదటిది. నేడు చాల యూళ్ళలో ఇట్టి బాటలున్నవి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు ఇసుకలో కాలుపెట్టకయే కడలిగాలి పీల్చుచు నడువవచ్చుననుట మాకు గొప్ప సుగుణముగా తోచినది. ఆ బాట ప్రక్క దుకాణములలో సాల్ట్‌వాటర్ టాఫీ యను మిఠాయి అమ్ముదురు. పేరున ఉప్పునీరున్నను అందు సముద్రపు నీరుండదు. పంచదార పాకమును మాటిమాటికి సాగదీసి చేయుదురు. మన తిరునాళ్ళలో బెల్లపు పాకమును కొక్కెమునకు తగిలించి లాగి చేయు జీళ్ళకు చుట్టమనవచ్చును. ఆ యూరిలో 1978 నుండి జూదశాలలు వెలసినవి గనుక, పిల్లలతో బసకు మేమది యెన్నుకొనలేదు.

బసకు మాకు నచ్చినది ఓషన్ సిటీ. 1879లో మెథడిస్టు మతబోధకులు కొందఱు దీనిని నెలకొల్పిరి. నాటినుండి నేటివఱకు ఊరిలో మద్యము అమ్మరాదను కట్టుబాటు నిలిచియున్నది. రాత్రివేళ బోర్డువాకు మీద ముసలివారు, చంటిబిడ్డల తల్లులు నిశ్చింతగా తిరుగుదురని మా తోడికోడలు చెప్పినది. ఇంకను దక్షిణమునకు పోయినచో కేప్ మే. 1878లో పెద్ద అగ్నిప్రమాదమున ఊరిలో విశేషభాగము కాలిపోగా, ఆ కాలపు పద్ధతిలో చిత్రమైన కొయ్యపనితో, రంగురంగుల వసారాలతో ఇండ్లు కట్టుకొనిరి. వానిని చెక్కుచెదరనీయక కాపాడుకొన్నందున 1976లో పట్టణమునే జాతీయ చారిత్రకస్థలముగా ప్రకటించిరి. అక్కడినుండి డెలావేరు రాష్ట్రపు లూయిస్ పట్టణమునకు 17 మైళ్ళు ఓడపై పోవచ్చును. కార్లను గూడ ఎక్కించుకొను ఆ యోడ 1964 నుండి నడచుచున్నది.

ఈ లెక్కల నడుమ మా యత్తగారడిగిన ప్రశ్న మమ్ము చాల చదివించినది. వేసవి దినములలో ఓషన్ సిటీ, కేప్ మే మొదలగు ఊళ్ళలో ఇసుకమీద అడుగిడుటకు రుసుము చెల్లించి బ్యాడ్జి కొనవలెను. ఈ మాట వినినంతనే ఆమె, “సముద్రమునకు టిక్కెట్టేమే? ఆకామావై పున్నములకు వేలమంది మునుగుదురు గదా, ఎవరైన డబ్బడిగిరా?” అనిరి. ఆషాఢ, కార్తిక, మాఘ, వైశాఖ పూర్ణిమలయందు సముద్రస్నానము పుణ్యమని మనలో ప్రతీతి. మచిలీపట్టణముకడనైనను బాపట్లకడనైనను నాడు ధనికులు, బీదలు అను భేదము లేక అందఱును ఒకే కెరటమున మునుగుదురు.

ఆమె యడిగిన ప్రశ్ననే న్యూజెర్సీవారు న్యాయస్థానములో వేసికొనిరి. ఏవన్ బై ది సీ అను ఊరివారు 1970లో పొరుగూళ్ళవారికి తమ వారికంటె ఎక్కువ రుసుము విధించిరి. ప్రక్కనే నెప్ట్యూన్ సిటీ యను చిన్న ఊరున్నది. నెప్ట్యూనుడనగా రోమకుల సముద్రదేవుడు. ఆ పేరు పెట్టుకొన్న ఊరికే సముద్రతీరము లేదు! ఆ ఊరివారు వ్యాజ్యమువేయగా, 1972లో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము సముద్రమును దాని యొడ్డును ప్రజలందఱి సొత్తనియు, ఊరు దానికి ధర్మకర్త మాత్రమేయనియు, రుసుము తీసికొన్నను అందఱివద్ద సమముగా తీసికొనవలెననియు తీర్పు చెప్పెను. గాలి, పాఱునీరు, సముద్రము, దాని యొడ్డు సర్వులకు సామాన్యమని రోమక ధర్మశాస్త్రము ఆఱవ శతాబ్దిలో చెప్పిన సూత్రమే దీనికి మూలము. పండ్రెండేండ్లలోపు పిల్లలవద్ద రుసుము తీసికొనరాదని ఆ రాష్ట్రపు చట్టము. అట్లాంటిక్ సిటీ, వైల్డ్‌వుడ్ ఊళ్ళలో ఎవ్వరివద్దను తీసికొనరు. రుసుము ధనముతో కాపరులను నియమించి ఒడ్డు శుభ్రము చేయింతురు గనుక, సమముగా నున్నంతవఱకు అది అన్యాయము కాదని మా యత్తగారు ఒప్పుకొనిరి.

అయితే చట్టము చెప్పుట వేఱు, జనులు నడచుట వేఱు. అట్లాంటిక్ సిటీలోనే 20వ శతాబ్ది పూర్వార్ధమున నల్లజాతివారిని తక్కిన తీరమునకు రానీయక మిసోరీ వీథి చివరనున్న ముక్కకు పరిమితము చేసిరి. వారు ఇంట వండి తెచ్చుకొన్న కోడిమాంసమును బట్టి ఆ చోటికి చికెన్ బోన్ బీచి యని పేరు వచ్చినది. పెద్ద హోటళ్ళు రానీయనివారు అన్నము మూటకట్టుకొని వచ్చిరి. ఆ మూటయే వారికి ఎగతాళిపేరైనది. ఈ యన్యాయము ఒక తీరమునకే చెల్లలేదు. దేశపు రెండవ యంచున, కాలిఫోర్నియాలో, మాన్‌హట్టన్ బీచి పట్టణమున విల్లా బ్రూస్ అను నల్లజాతి ఇల్లాలు 1912లో కడలియొడ్డున స్థలము కొనెను. భర్త చార్లెస్ రైలుబండిలో వంటవాడు. ఆమె తనవారికొఱకు అందొక విడిది నడిపి వృద్ధిచేసెను. పొరుగువారు ఓర్వలేక పలువిధముల బాధించిరి. 1924లో పట్టణపాలకులు ఉద్యానవనమను నెపమున ఆ స్థలమును తీసికొనిరి. ఆ వనము పెక్కేండ్లవఱకు వేయనేలేదు. 2022లో లాస్ ఏంజిలిస్ కౌంటీవారు ఆ నేలను ఆమె వారసులకు తిరిగి ఇచ్చిరి. మఱుసటి యేడు వారు దానిని సుమారు రెండుకోట్ల డాలర్లకు ఆ కౌంటీకే అమ్మిరి. విల్లా దానిని చూచుటకు లేదు. ఇట్టి కథలు తెలిసికొనక కేవలము చల్లగాలికై పోయివచ్చుట సగము యాత్రయే యని మాకు తోచుచున్నది.

ఇక గృహిణికి కావలసిన సంగతులు. వంటగది యున్న బస చూచుకొన్నచో ఖర్చు సగమగును, పెద్దల యాచారమునకు భంగముండదు. బియ్యము, పప్పులు, పోపుసామాను ఎడిసనులోని మన దుకాణములనుండి తీసికొనిపోవుట మేలు. తీరపు టూళ్ళలో దొరకుట యరుదు. అక్కడి యిండ్లలో పొగ తగిలినంతనే గంట మ్రోగు యంత్రములుండును. తాళింపు వేయునపుడు కిటికీ తెఱచి, పొయ్యిమీది పంకా వేయుట మఱువరాదు. నీటిలో దిగుటకు చీర పనికిరాదు. తడిసి కాళ్ళకు చుట్టుకొనును. నూలు సల్వారు కమీజు మేలు. 1921లో అట్లాంటిక్ సిటీలో మోకాళ్ళు కనబడునట్లు మేజోళ్ళు మడిచినందుకు ఒక స్త్రీని నిర్బంధించిరట! నేడు ఎవరి యుడుపు వారిది, ఎవ్వరును అడుగరు.

అన్నిటికంటె ముఖ్యము జాగ్రత్త. కెరటములు విఱుగుచోట ఒడ్డునుండి లోనికి వేగముగా లాగుకొనిపోవు సన్నని ప్రవాహము లేర్పడును. వానిని రిప్ కరెంటులందురు. అందు చిక్కినవారు ఒడ్డువైపునకు ఎదురీది అలసి మునుగుదురు. ఎదురీదక, ఒడ్డుకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ప్రవాహము దాటిన పిమ్మట ఒడ్డు చేరవలెను. ఈత రానివారు కాపరియున్న చోట, వాని కాలములోనే మోకాటిలోతునకు మించి పోరాదు. జూను మొదటివారమున కొన్ని చోట్ల కాపరులు శని ఆదివారములందే యుందురు గనుక ముందుగా విచారించవలెను.

మేము పోదలచిన కాలముననే అక్కడొక వింత జరుగును. కేప్ మేకు పడమటనున్న డెలావేరు అఖాతపు టొడ్డునకు, మే జూను మాసముల పున్నమి అమావాస్యల రాత్రులందు హార్స్‌షూ క్రాబులు వేలకొలది వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పేరు పీతయైనను ఇవి తేళ్ళకు, సాలెపురుగులకు దగ్గఱివి. వీని జాతి 40 కోట్ల ఏండ్లకు పైగా భూమిపై నున్నది. దక్షిణామెరికానుండి ఉత్తరధ్రువ ప్రాంతమునకు పోవు రెడ్ నాట్ పక్షులు ఆ గ్రుడ్లు తిని బలము కూర్చుకొని తక్కిన దూరము పోవును. వానిని బెదరింపకుండ ఆ దినములలో కొన్ని ఒడ్డులను మూసివేయుదురు, దూరమునుండియే చూడవలెను. పున్నమి కెరటమునకు పర్వము మనకే కాదని తెలిసి మా యత్తగారు మిగుల సంతోషించిరి.

మా నిర్ణయమిది: మెమోరియల్ డే గడచిన మఱునాడు బయలుదేరి ఓషన్ సిటీలో వంటగదిగల బసలో నాలుగుదినములు, కేప్ మేలో ఒక దినము, అఖాతపు టొడ్డున ఒక సాయంకాలము. తిరుగుదారిలో అట్లాంటిక్ సిటీ బోర్డువాకుపై మిసోరీ వీథివఱకు నడచిపోయి పిల్లలకు ఆ కథ చెప్పుట. సోదరీమణులు తమ ప్రయాణమునకు ఊరు ఎన్నుకొనునపుడు ధరయు, అందమును చూచుటతో పాటు, ఆ యూరు వచ్చినవారిని ఎట్లు ఆదరించును, పూర్వమెట్లు ఆదరించెను అను రెండుమాటలు గూడ విచారింపుడు. సముద్రము పెద్దదే, దాని యొడ్డును అందఱికి విడిచిపెట్టు మనసు ఊరివారికి ఉండవలెను.