రెండో తాళంచెవి

నిజామాబాద్‌లో దిగగానే ఊరి చివర ఉన్న ఒక వృద్ధాశ్రమానికి వెళ్లాను. దిక్కులేనోళ్లే అక్కడికి చేరుతరని ఆటో అతను దారి పొడవునా చెప్పాడు. వరండాలో నాతో మొదట మాట కలిపినామెకు ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. తుంటి విరిగాక బాత్రూంకు లేపి తీసుకుపోవడానికి పగటిపూట ఇంట్లో ఎవరూ ఉండరని, అందుకే తానే అడిగి వచ్చానని చెప్పింది. "ఈడ పిలిస్తే ఒకరన్న వస్తరు" అంది. ఆ మాట రాత్రిళ్లు కూడా నిజమేనా అని చూసేంత సేపు నేను అక్కడ లేను. చివరి మంచం మీది పెద్దాయన నేనున్నంతసేపూ గోడవైపు తిరిగే పడుకున్నాడు. ఆయన ఎలా వచ్చాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆర్మూరులో బస్సు మారాను. తవ్వకాల కాలం. జూన్‌లో నాటిన పసుపు జనవరి నుంచి మార్చి దాకా ఇళ్లకు చేరుతుంది. ఉడకబెట్టిన కొమ్ములు రోడ్డు పొడవునా కల్లాల్లో ఎండుతున్నాయి. వాటి దగ్గర కాపలా ఉన్నవాళ్లలో నాకు ఎక్కువగా కనపడింది తల నెరిసినవాళ్లే. పక్కసీటు ఆయన తన ఇద్దరు కొడుకులూ గల్ఫ్‌లోనే ఉన్నారని, వానొస్తే టార్పాలిన్ లాగడానికి తనకూ భార్యకూ చేతకాదని చెప్పి, ముప్కాల్ రాకముందే దిగిపోయాడు.

ముప్కాల్ 44వ జాతీయ రహదారి మీది ఊరు. 2016లో జిల్లాలు, మండలాలు మారినప్పుడు బాల్కొండ నుంచి విడిపడి తానే మండల కేంద్రమైంది. హోటల్లో చాయ్ తాగుతూ, ఈ చుట్టుపక్కల వృద్ధాశ్రమం ఏమన్నా ఉందా అని అడిగాను. బల్ల మీదున్నవాళ్లకు ఆ ప్రశ్న నచ్చలేదు. "మా దగ్గర అసొంటియి అక్కర లేదు సార్. ముసలోళ్లను ఇంట్ల వెట్టుకొనే సాదుతం" అన్నాడు ఒకాయన. మిగతావాళ్లు తల ఊపారు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లెవరైనా ఉన్నారా అంటే, వెనక వాడకట్టులో ఒకామె ఉందని, ఆమెకేం కొదవలేదని, కొడుకు బంగ్లా కట్టించాడని దారి చూపించారు.

బంగ్లా నిజంగానే పెద్దది. పడకగది, దానికి ఆనుకొని బాత్రూం పై అంతస్తులో ఉన్నాయి. మోకాళ్లు పట్టేయడంతో ఆమె మెట్లెక్కడం మానేసి చాలా కాలమైంది. కింద ముందుగదిలో మంచం, దాని కింద చెంబు, కిటికీలో మందుల డబ్బా. మొదట అనుమానంగా చూసి, తర్వాత కూర్చోమంది. బీడీలు చుట్టి పిల్లలను పెంచింది. ఆసరా పింఛన్ వస్తోంది. 2014లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 అయిన ఆ డబ్బుతో మందులు, పాల ఖర్చు వెళ్లదీస్తోంది. కొడుకు మస్కట్ నుంచి పైసలు పంపుతాడని, రోజూ ఫోన్ చేస్తాడని చెప్పింది. నేనున్న ఆ సాయంత్రం ఫోన్ మోగలేదు. ఒక్క పూట చూసి ఏదీ తేల్చలేను.

మాటల మధ్యలో పక్కింటావిడ తలుపు తానే తీసుకొని లోపలికొచ్చింది. రెండో తాళంచెవి ఆమె కొంగుకు ఉంది. పొద్దున వాకిట్లో చప్పుడు లేకపోతే వచ్చి లేపేది, సర్కారు దవాఖానకు ఆటో పిలిచేది, స్నానానికి నీళ్లు తోడేది ఆమే. ఆమె కూడా బీడీలే చుట్టింది. ఆమెకూ మోకాళ్ల నొప్పులే. హోటల్ బల్ల మీద ఎవరూ ఈ మనిషి ఊసెత్తలేదు.

"ఆశ్రమానికి పోతవా అని ఎవరన్న అడిగిన్రా పెద్దమ్మా?" అన్నాను.

"నన్నెవరు అడుగుతరు బిడ్డా? హైదరాబాద్‌ల మంచిది ఉన్నదని వాడే ఫొటోలు పంపిండు. ఊరోళ్లు ఏమంటరోనని మల్ల వాడే వద్దన్నడు."

"నువ్వేమన్నవు?"

"నా దాంక రాలే ఆ మాట."

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. ఆ పొద్దున ఆశ్రమంలో చూసినామె తన ఇష్టంతో వెళ్లింది. ఇక్కడ ఈమెను ఇంట్లో ఉంచింది కొడుకు పరువు. ఇంట్లో ఉండడమే గౌరవమని, బయటికి పోవడమే దిక్కులేనితనమని మనం తేల్చేస్తున్నాం. అడగకుండా ఉంచేయడం కూడా అన్యాయమే.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం గురించి వాళ్లిద్దరికీ చెప్పాను. పిల్లలు చూడకపోతే ఆర్డీవో స్థాయి అధికారి ముందు అర్జీ పెట్టుకోవచ్చు. ఆస్తి రాసిచ్చినప్పుడు తనను చూసుకోవాలని షరతు పెట్టి ఉంటే, చూడనప్పుడు ఆ పత్రాన్ని రద్దు చేయమని అడగవచ్చు. పేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో 150 మందికి చోటు ఉండాలన్న మాట కూడా అందులో ఉంది, అయితే ప్రభుత్వం 'కట్టవచ్చు' అనే గాని 'కట్టి తీరాలి' అని లేదు. పెద్దామె విని, "కొడుకు మీద కాయితం వెడుతనా" అని చేయి అడ్డంగా ఊపింది. మెట్ల కింద ఒక బాత్రూం కట్టిస్తే చాలంది. అది కొడుకుతో చెప్పావా అంటే, వాడు గింత ఖర్చు పెట్టి పైన కట్టించినంక ఎట్ల చెప్పుడు అంది.

వెళ్లేముందు వృద్ధుల సహాయ ఫోన్ నంబర్ 14567 క్యాలెండర్ మీద పెద్ద అంకెల్లో రాసిచ్చాను. పక్కింటావిడ ఆ అంకెలు రెండుసార్లు చదివించుకుంది. మే నెలలో తాను బిడ్డ కాన్పుకు హైదరాబాద్ పోతానని, అప్పుడు పనికొస్తుందని, ఇది రాత్రిపూట కూడా ఎత్తుతారా అని అడిగింది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకానే అని చెప్పాను.